రెండు సీట్ల కారు

కోల్న్, లాంకషైర్
14 సెప్టెంబరు 1999

మోరాగ్‌కి,

నువ్వూ కిర్‌స్టీ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. అనుకోవడమే గాని తెలిసే దారి లేదు. పోయిన ఆదివారం ఫోన్ చేశావు. నువ్వేదో అన్నావు, నేను ఆఁ ఆఁ అన్నాను, పెట్టేశాం. ముప్ఫయ్యొక్క ఏళ్లు మగ్గాల హోరులో పనిచేసినదాని చెవికి ఫోనైనా ఒకటే, గోడైనా ఒకటే. అందుకే రాస్తున్నాను. నువ్వూ రాయి.

సంగతేమిటంటే, పెరటి గ్యారేజీ కప్పు కారుతోంది. రేకు మార్చడానికి వచ్చినవాడు లోపలి సామాను తీస్తేగాని పని కాదన్నాడు. ఏడాదిన్నరగా నేను ఆ తలుపు తీయలేదు. మొన్న తీశాను. నెవిల్ తెప్పించుకున్న పెట్టెలన్నీ అలాగే ఉన్నాయి. ఇనప చట్రం గోడకి ఆనించి ఉంది. పసుపుపచ్చ బాడీ ముక్కలు దుప్పట్లలో చుట్టి ఉన్నాయి. ఆ దుప్పట్లు నావే. పోయాయని ఇల్లంతా వెతికాను అప్పట్లో. మూల వాడి పాత ఫోర్డ్ ఉంది, ఇంజను కోసం అట్టేపెట్టింది.

పన్నెండో ఏట నించీ లెక్కల పుస్తకం వెనక అట్ట మీద వాడు ఈ కారే గీసేవాడు. తలుపులుండవు, కప్పుండదు, నేలకి కరుచుకుపోయి ఉంటుంది. భాగాలు విడివిడిగా కొని సొంత చేతులతో కట్టుకోవాలని ఒకటే కల. ముప్ఫయ్యైదో ఏట పెట్టెలైతే వచ్చాయి. నాలుగు బోల్టులు బిగించాడో లేదో, పోయాడు.

నేను నిర్ణయించుకున్నాను, మోరాగ్. ఆ కారు కట్టిస్తాను. శ్మశానంలో వాడి పేరు మీద రాయి వేయించాం, నిజమే. దాని ముందు నిలబడితే నాకు మోకాళ్ల నొప్పి తప్ప ఏమీ అనిపించదు.

లెన్ థార్ప్ అని ఒకాయన ఉన్నాడు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. మా పాత మిల్లులో కింద ఒక గది అద్దెకి తీసుకుని ఇలాంటి కార్లు కడతాడు. వచ్చి పెట్టెలన్నీ తిప్పి చూశాడు. "కట్టడం పెద్ద పని కాదక్కా. కట్టాక నడిపేదెవరు?" అన్నాడు. "నా కోడలు" అన్నాను.

నెవిల్ దగ్గర నీలం ఫైలొకటి ఉండేది. ఎలా కట్టాలో చెప్పే పుస్తకం, రసీదులు, వాడు గీసుకున్న బొమ్మలు, అన్నీ అందులోనే. లెన్ అడుగుతున్నాడు. అది నీ దగ్గరే ఉండాలి. పంపు.

కిర్‌స్టీ పళ్లు ఎన్ని ఊడాయి? నోరు తెరిపించి ఫొటో తీయి.

కాళ్లు ఒకచోట నిలవని
నీ అత్త హిల్డా


స్ట్రోమ్‌నెస్, ఆర్క్‌నీ
27 సెప్టెంబరు 1999

అత్తయ్యా,

మీ ఉత్తరం వచ్చిన రోజు గాలికి రెండు ఓడలు రద్దయ్యాయి. టిక్కెట్ల కిటికీ ముందు యాభై మంది నిలబడి, ఆ గాలిని నేనే ఊదినట్టు నా మీద అరిచారు. సాయంత్రం దాకా మీ కవరు జేబులోనే ఉండిపోయింది.

కారు సంగతి చదివాను. మీకెలా చెప్పాలో తెలియడం లేదు. వద్దు. అలాంటి సరదా ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే పెట్టెలతో సహా ఇచ్చేయండి. నేను నడుపుతానని ఆయనతో అనకుండా ఉండాల్సింది. ఇక్కడ గొర్రెలు నిలబడటానికే గాలి ఒప్పుకోదు. కప్పు లేని కారు నాకెందుకు?

ఫైలు సంగతి చూస్తాను.

కిర్‌స్టీకి రెండు ఊడాయి, ఒకటి ఊగుతోంది. దాన్ని రోజంతా నాలుకతో ఆడిస్తుంటే నాకు ఒళ్లు జలదరిస్తోంది. మీ మోకాళ్లకి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రాయి మీద నెపం వేయకండి.

ఇక్కడినుంచి ప్రేమతో,
మోరాగ్


కోల్న్
10 అక్టోబరు 1999

మోరాగ్‌కి,

ఇచ్చేయమన్నావు. వాడి చొక్కాలు ఇచ్చేశాం. బూట్లు ఇచ్చేశాం. నువ్వు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వాడి మంచం కూడా ఎవరో మోసుకుపోయారు. ఇంక ఏం మిగిలిందని ఇమ్మంటావు?

పని మొదలైపోయింది కాబట్టి వాదన అనవసరం. మంగళవారం నలుగురు మనుషులొచ్చి చట్రాన్ని మిల్లుకి మోసుకెళ్లారు. పక్కింటి ఆగ్నెస్ పికల్స్ కర్టెన్ వెనక నిలబడి చూసింది. కనబడనని దాని నమ్మకం. బట్టల తాడు గొడవ జరిగి పదేళ్లయింది, ఇప్పటికీ మాకు మాటల్లేవు. లేకపోతే ఆ రోజే వచ్చి ఆరా తీసి ఉండేది.

నేను రోజూ మిల్లుకి వెళ్తున్నాను. ఇంట్లో కూర్చోలేకపోతున్నాను, మోరాగ్. టీ పెట్టుకుంటాను, తాగకుండానే లేస్తాను. లెన్ మొదట్లో విసుక్కున్నాడు. "అక్కా, నువ్వట్లా నా నెత్తి మీద నిలబడితే నట్లు కూడా సిగ్గుపడతాయి" అన్నాడు. ఇప్పుడు ఒక స్టూలు వేసి, తుప్పు పట్టిన బోల్టులు డబ్బా నిండా ఇచ్చి, తోమమన్నాడు. వైరు బ్రష్షుతో తోముతున్నాను. చేతులు నల్లబడి సబ్బుకి లొంగడం లేదు. చర్చిలో చేతి తొడుగులు తీయకుండా కూర్చుంటున్నాను.

ఫైలు ఇంకా రాలేదు. పుస్తకం లేక లెన్ గుడ్డివాడిలా తడుముకుంటున్నాడు. పోస్టు ఆలస్యమా, నువ్వే పంపలేదా?

నల్ల చేతుల
హిల్డా


స్ట్రోమ్‌నెస్
9 నవంబరు 1999

అత్తయ్యా,

ఫైలు దొరకలేదు. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయి ఉంటుంది.

మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ కారుకి సీట్లెన్ని? రెండు. కిర్‌స్టీకి అయిదేళ్లు ఉన్నప్పుడు ఆ కారుకి ఆర్డరిచ్చాడు. ఇంట్లో ముగ్గురం, కారులో చోటు ఇద్దరికి. ఆ లెక్క నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. నెవిల్‌ని నేను మరిచిపోలేదు. ఆ కారునే మరిచిపోదామనుకుంటున్నాను.

కింద కిర్‌స్టీ ఏదో రాస్తానంటోంది.

మోరాగ్

నాయనమ్మా నాకు నాలుగు పళ్లు ఊడాయి. నాన్న కారుకి హారన్ ఉందా. ఎలా మోగుతుంది.


కోల్న్
2 డిసెంబరు 1999

మోరాగ్‌కి,

హారన్ ఉందని కిర్‌స్టీకి చెప్పు. లెన్ మోగిస్తే బల్ల మీద చెయ్యి పెట్టి తెలుసుకున్నాను.

ఫైలు దొరకలేదన్నావు. మా ఇంట్లో సూది ఎక్కడుందో నేను మరిచిపోతే వెతక్కుండా చెప్పిన పిల్లవి నువ్వు. నమ్మమంటావా?

నీకు నా మీద కోపం ఉంది. దేనికో కూడా నాకు తెలుసు. నువ్వు నోరు విప్పి అనలేదు, అంతే. ఆ రోజు నించీ నా మొహంలోకి సరిగ్గా చూసింది లేదు. కర్మలయ్యాక మూడు నెలలు తిరక్కుండా పిల్లని తీసుకుని దేశం కొసకి వెళ్లిపోయావు. దానర్థం తెలియనంత మొద్దునా? తెలుసు. ఆ శనివారం ఉదయం సంగతి నాకు బాగా తెలుసు.

అయినా కారు ఆగదు. లెన్ ఆ కంపెనీకి రాసి పుస్తకం ఇంకొకటి తెప్పిస్తున్నాడు.

క్రిస్మస్ కేకు పంపుతున్నాను. కిర్‌స్టీకి, నీకు కాదు. నువ్వూ తింటావని తెలుసు.

హిల్డా


స్ట్రోమ్‌నెస్
20 జనవరి 2000

అత్తయ్యా,

ఏడు వారాలుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను.

మీకు తెలుసన్నమాట. ఆ ఉదయం నెవిల్ మీతో చెప్పే ఉంటాడని నేను ఎప్పుడూ అనుకుంటూనే ఉన్నాను. ఎలా చెప్పాడో తెలియదు. నా నోటితో నేను చెబుతాను.

ఆ శనివారం కిర్‌స్టీని బూట్లు కొనడానికి తీసుకెళ్దామని ముందే అనుకున్నాం. పొద్దున్నే తను ఆ నీలం ఫైలు ముందేసుకుని, "ఒక్క గంట అమ్మావాళ్ల గ్యారేజీకి వెళ్లొస్తాను" అన్నాడు. "నీ ఒక్క గంట సంగతి నాకు తెలుసు" అన్నాను. "రేపు కొందాంలే" అన్నాడు. అక్కడ మొదలైంది. సీట్ల సంగతి ఎత్తాను. "మనం ముగ్గురం కలిసి ఎక్కలేని కారు కట్టుకుంటున్నావు, మాలో ఎవర్ని దింపేస్తావో చెప్పు" అన్నాను. తను నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండిపోయింది. "వెళ్లు, వెళ్లి ఆ కారుతోనే కాపురం చేసుకో. తిరిగి రానక్కర్లేదు" అన్నాను. ఫైలు కూడా బల్ల మీదే వదిలేసి వెళ్లాడు.

రాలేదు.

ఫైలు పోలేదు అత్తయ్యా. కర్మలైన వారానికి పొయ్యిలో పెట్టి కాల్చేశాను. బొమ్మలు కూడా. అందుకే మీకు పంపలేకపోయాను. అందుకే మీ మొహంలోకి చూడలేకపోయాను. ఆ కారు మీద మీరు ఒక్కొక్క బోల్టు తోముతున్నారని చదివినప్పుడల్లా, ఆ మాటని నాకు గుర్తు చేయడానికే తోముతున్నారని అనిపించింది.

ఇంక మీరేమన్నా అనండి.

మోరాగ్


కోల్న్
26 జనవరి 2000

మోరాగ్, నా తల్లీ,

నాకేమీ తెలియదు! వాడు నాతో ఏమీ చెప్పలేదు. వచ్చాడు, నా నెత్తి మీద ముద్దు పెట్టాడు, బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని గ్యారేజీలోకి పోయాడు. అంతే. నీ మాట నీతోనే ఉంది ఇన్నాళ్లూ. నేను తెలుసన్నది వేరు. నీకు తెలుసనుకుని అన్నాను. ఇద్దరం ఇద్దరమే.

వాడు పదింటికి వచ్చాడు. నేను వంటింట్లో సింకు దగ్గర నిలబడి మాంసం కడుగుతూ, బంగాళాదుంపలు చెక్కుతూ ఉన్నాను. పదకొండున్నరకి టీ తీసుకుని వెళ్లాను. చట్రం పక్కన నేల మీద పడి ఉన్నాడు. స్పానరు చేతిలోనే ఉంది. అప్పటికే చల్లబడ్డాడు.

సింకు నుంచి గ్యారేజీ తలుపుకి పద్నాలుగు అడుగులు. ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. పద్నాలుగే.

తలలో నరం చిట్లింది, క్షణంలో పోయాడు అన్నాడు డాక్టరు. అందరి తల్లులకీ అదే చెబుతారు. వాడు పడిపోయాక పిలిచాడేమో. "అమ్మా" అన్నాడేమో. ఒకసారి కాదు, పదిసార్లు అన్నాడేమో. చెవులున్న ఏ ఆడదైనా పరిగెత్తి ఉండేది. నేను కుళాయి తిప్పుకుని బంగాళాదుంపలు చెక్కుతున్నాను.

నువ్వు వెళ్లిపోయింది అందుకేననుకున్నాను. ఈ చెవిటిదాని ఇంట్లో నా మొగుడు దిక్కులేకుండా పోయాడని నీ మనసులో ఉందనుకున్నాను. ఫైలు పంపనప్పుడు అది ఖాయమే అనుకున్నాను.

ఫైలు కాల్చావు సరే. నేనైతే పెట్టెలు కూడా కలిపి కాల్చేదాన్నేమో నీ వయసులో.

రాయి. త్వరగా రాయి.

హిల్డా


స్ట్రోమ్‌నెస్
1 ఫిబ్రవరి 2000

అత్తయ్యా,

ఉత్తరం అందిన గంటలో రాస్తున్నాను. కిటికీ మూసేశాను, వచ్చినవాళ్లు తలుపు కొడుతున్నారు, కొట్టనీండి.

ఆ ఆలోచన నాకు ఒక్కనాడు కూడా రాలేదు. ఒక్కనాడు కూడా. మీరు ఇది ఒంటరిగా మోస్తూ ఉంటే నేను ఇక్కడ కూర్చుని మీరు నన్ను తిడుతున్నారని అనుకుంటున్నాను.

కారు ఎంతవరకు వచ్చింది? ఈసారి నిజంగానే అడుగుతున్నాను.

మోరాగ్


కోల్న్
22 మే 2000

మోరాగ్‌కి,

పాసయింది! ఏప్రిల్‌లో మొదటిసారి సర్కారు పరీక్షకి తీసుకెళ్లినప్పుడు తప్పింది. నీకు రాయలేదు, సిగ్గేసింది. పరీక్ష చేసే ఆయన చిన్న బంతిలాంటిది పట్టుకుని కారంతా తడిమాడు, ఎక్కడైనా పదును అంచులున్నాయేమోనని. డాష్‌బోర్డు కింద ఒకటి దొరికింది. పైగా మోత ఎక్కువగా ఉందట. "చెవులు చిల్లులు పడుతున్నాయమ్మా" అన్నాడు. "నాకేం తేడా తెలియలేదే" అన్నాను. లెన్ అటు తిరిగి దగ్గాడు. ఆయనకి పాపం అర్థం కాలేదు.

లెన్ సైలెన్సరు మార్చి, అంచులు రుద్ది, మళ్లీ తీసుకెళ్లాడు. ఇప్పుడు నంబరు పలక కూడా వచ్చింది. నిమ్మపండులా మెరుస్తోంది. లెన్ తెచ్చి గ్యారేజీలో పెట్టి, టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. మంచి మనిషి. టీ మాత్రం నాలుగు కప్పులు తాగాడు.

పని అయిపోయింది కదా, నిద్ర పడుతుందనుకున్నాను. పట్టడం లేదు. బోల్టులు అయిపోయాయి, చేతులు తెల్లబడ్డాయి, కాళ్లు మాత్రం ఆ పద్నాలుగు అడుగులే తిరుగుతున్నాయి.

సెలవులకి కిర్‌స్టీని తీసుకుని రా. నువ్వు నడపాలి. ఇంకొక పని కూడా ఉంది, నాకు చేసిపెట్టాలి. కాగితం మీద రాయను.

ఎదురుచూస్తూ,
హిల్డా


స్ట్రోమ్‌నెస్
20 జులై 2000

అత్తయ్యా,

క్షేమంగా చేరాం. ఓడలో కిర్‌స్టీ కనబడిన ప్రతివాడికీ కారు హారన్ నోటితో మోగించి వినిపించింది. మీ ఇంట్లో ఉండగా మాట్లాడలేని సంగతి ఒకటి ఉంది. మీకు ఎదురుగా చెబితే మీరు నా పెదాలు చూస్తారు, నాకు మాట రాదు. రాస్తేనే నయం.

లెన్ కిర్‌స్టీని కారులో తిప్పడానికి తీసుకెళ్లినప్పుడు మీరు నన్ను వంటింట్లో నిలబెట్టి అడిగారు. "నువ్వు గ్యారేజీలోకి వెళ్లి తలుపు వేసుకుని, గొంతు చించుకుని పిలు. నేను ఆ రోజులాగే కుళాయి తిప్పుకుని నిలబడతాను. నాకు వినపడుతుందో లేదో తెలియాలి. తెలియకుండా చావలేను" అన్నారు. వద్దని బతిమాలాను. మీరు అప్పటికే అటు తిరిగి బంగాళాదుంప అందుకున్నారు.

వెళ్లాను. తలుపు వేసుకున్నాను. కారు లేదు కదా, నేల మీద నూనె మరక ఒకటే ఉంది. "అమ్మా" అని పిలవమన్నారు మీరు. నాకు ఆ మాట నోటికి రాలేదు. "నెవిల్" అని వచ్చింది. "నెవిల్, ఆ మాట కోపంలో అన్నాను, ఇంటికి రా" అని అరిచాను. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. "బూట్లు రేపు కొందాం, రా. రెండు సీట్లయినా సరే, వంతులేసుకుందాం, రా" అని ఏదేదో అరిచాను. రెండేళ్ల నాలుగు నెలలుగా గొంతులో ఉన్నదంతా అరిచాను. ఎవరికీ వినపడదని తెలిసే అరిచాను.

బయటికి వచ్చేసరికి మీరు అలాగే నిలబడి ఉన్నారు. కుళాయి పారుతోంది. నేను భుజం ముట్టుకునేదాకా తిరగలేదు. నా మొహం చూశారు. "పిలిచావా?" అన్నారు. తలూపాను. "ఎంత గట్టిగా?" అన్నారు. "నాకున్నంత" అన్నాను. మీరు కుళాయి కట్టేసి, టీ నీళ్లు పెట్టారు.

ఇన్నాళ్లూ అనుమానంగా ఉన్నదాన్ని నేను ఖాయం చేసి వచ్చేశానేమోనని దారంతా బాధపడ్డాను. మీరు అడిగింది కాకుండా నా సొంత సంగతి అరిచినందుకు క్షమించండి.

మర్నాడు కొండ మీద రోడ్డున మిమ్మల్ని కూర్చోబెట్టుకుని నడపడం మాత్రం నేను మరిచిపోలేను. మీ జుట్టు నిట్టనిలువుగా లేచింది. నోరు తెరిచి నవ్వుతుంటే ఈగ దూరింది. "మింగేశాను, పోనీ, ఆపకు!" అన్నారు.

ఎలా ఉన్నారో రాయండి.

మోరాగ్


కోల్న్
29 జులై 2000

మోరాగ్, తల్లీ,

నీ ఉత్తరం చేతికి రాకముందే ఆగ్నెస్ పికల్స్ మా గుమ్మంలోకి వచ్చింది. పదకొండేళ్ల తర్వాత. చేతులు నడుం మీద పెట్టుకుని, నాకు అర్థమయ్యేలా పెదాలు సాగదీసి అడిగింది. అదీ మిల్లు మనిషే కదా, మగ్గాల హోరులో మాకు పెదాలే మాటలు. "ఏమే హిల్డా, మొన్న మీ గ్యారేజీలో ఎవర్ని చంపారే? ఆ అరుపులకి నా చేతిలో పళ్లెం జారి పగిలింది" అంది.

"నీకు వినపడిందా?" అన్నాను.

"వినపడకేం? నా పెరడుకీ మీ గ్యారేజీకీ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. అందులో పిల్లి తుమ్మినా నాకు వినపడుతుంది."

గుమ్మం పట్టుకున్నాను. "ఆ శనివారం నువ్వు ఎక్కడున్నావు?" అని అడిగాను. ఏ శనివారమని అది అడగలేదు.

"పెరట్లోనే ఉన్నాను. ఎండ కాసిందని దుప్పట్లన్నీ తీసి ఉతికాను. పొద్దున్నుంచి నువ్వు టీ పట్టుకుని వచ్చేదాకా అక్కడే ఉన్నాను. మీవాడు గంటసేపు ఈల వేసుకుంటూ పని చేసుకున్నాడు. తర్వాత ఈల ఆగింది. టీ తాగుతున్నాడేమో అనుకున్నాను."

"పిలవలేదా?"

"పిలవలేదే. మూలగను కూడా లేదు. పిలిస్తే నేనే గోడ దూకి రానూ?" అంది. నా మొహం చూసి దానికి అప్పుడు అర్థమైంది. "ఓసి దరిద్రపుదానా! రెండేళ్లుగా ఇది పెట్టుకుని తిరుగుతున్నావా? నన్నొక్క మాట అడగొచ్చు కదే!"

"మనకి మాటల్లేవుగా" అన్నాను.

"బట్టల తాడుకి మాటలు మానేశాం గాని దీనికా?" అంది. అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరు ముసలాళ్లం గుమ్మంలో పట్టుకుని ఏడుస్తుంటే పోస్టువాడు ఉత్తరాలు గోడ మీద పెట్టి పారిపోయాడు. అందులో నీదీ ఉంది.

మోరాగ్, నువ్వు అరవకపోతే అది వచ్చేదే కాదు. నేను అడిగేదాన్ని కాదు.

ఇంకొకటి. వాడు ఈల వేసుకుంటున్నాడట. గంటసేపు. నువ్వన్న మాట గుండెలో గుచ్చుకున్నవాడు గంటసేపు ఈల వేస్తాడా? నువ్వు వాణ్ణి పదేళ్లు చూశావు, నేను ముప్ఫయ్యైదేళ్లు చూశాను. కోపం ఉంటే వాడు బిగుసుకుని కూర్చుంటాడు, తెలుసుగా. నీ మాట వీధి మలుపు తిరగకముందే మరిచిపోయి ఉంటాడు. సాయంత్రం చేతులు నల్లగా చేసుకుని వచ్చి నీ తువ్వాలే పాడుచేసి ఉండేవాడు.

ఆ రాత్రి నేను తెల్లవార్లూ పడుకున్నాను. తొమ్మిదింటికి లేచాను. నాకు నేనే పోయాననుకున్నాను.

ఆగ్నెస్ కారెక్కుతానంటోంది. దాని ఒళ్లు ఆ సీటులో పడుతుందా అని లెన్ అనుమానం. ఆదివారం చూస్తాం.

ఏ పాట ఈల వేశాడో మాత్రం దానికి గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోమని రోజూ చంపుతున్నాను. పొద్దున్నే టీకి వచ్చి, ఇదా, కాదు ఇదేమో అంటూ ఒకదాని తర్వాత ఒకటి ఈల వేసి చూపిస్తోంది. నాకు ఒక్కటీ వినపడదు. అయినా ఎదురుగా కూర్చుని చూస్తున్నాను.

హిల్డా